తిరిగి చూసే కన్ను

సింహాచలం కొండమీద వరాహ లక్ష్మీనృసింహుడి నిజరూపం ఏడాదికి ఒక్కరోజే, వైశాఖంలో అక్షయ తృతీయ నాడు, కనిపిస్తుంది. మర్నాటి నుంచి మళ్ళీ చందనమే. నాలుగు విడతలుగా సమర్పించే ఆ గంధం కింద వరాహముఖం కనబడదు, చేతులు కనబడవు, అవతారాన్ని గుర్తుపట్టే ఆనవాలు ఒక్కటీ పైకి తేలదు. లింగాకారంలో ఒక గంధపు ముద్ద, దాని ముందు దీపం, అంతే. శిల్పం చూసి మురిసిపోదామని వెళ్ళిన రసికుడికి ఇంతకన్నా నిరాశ ఉండదు. అయినా మిగిలిన రోజుల్లో కొండ ఖాళీగా ఉండదు. మొన్న చూసిన గంధపు ముద్దనే ఇవాళా చూసి, మళ్ళీ రావాలనుకుంటూ దిగేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు అందుతున్నది ఏమిటి? భక్తి అని ఒక్క మాటలో తేల్చేస్తే ప్రశ్న ముగుస్తుంది కానీ జవాబు దొరకదు. ఎందుకంటే ఇదే ప్రశ్న బొమ్మలు వేసేవాడిదీ, చీర అంచుకు నమూనా గీసేవాడిదీ, కెమెరా పట్టినవాడిదీ కూడా. కంటికి ప్రేరణ ఎక్కడి నుంచి వస్తుంది? ఇవాళ నలుగురూ ఒప్పుకునే జవాబు ఒకటుంది: కొత్తవి చూడు, ఇంకా ఇంకా చూడు, దేశాలు తిరుగు, ప్రదర్శనలకు వెళ్ళు, ఫోన్‌లో వేలితో నెడుతూ వేల చిత్రాలు కళ్ళకు చూపించు, ఎక్కడో ఒకచోట నిప్పు రాజుకుంటుంది అని. ఆ జవాబు సగమే నిజమని నాకనిపిస్తుంది. కొత్త దృశ్యం ఇచ్చేది ఉలికిపాటు. ప్రేరణ అనదగ్గది, ఆ దృశ్యం దగ్గరికి చూపు మళ్ళీ మళ్ళీ వెళ్ళినప్పుడు పుడుతుంది.

ఈ మాటకు మన శాస్త్రంలోనే గట్టి ఆధారం ఉంది. వెలనాటి తెలుగు వంశంలో పుట్టి షాజహాన్ కొలువులో పండితరాజు అనిపించుకున్న 17వ శతాబ్దపు ఆలంకారికుడు జగన్నాథుడు, రసగంగాధరంలో కావ్యానికి లక్షణం చెబుతూ రమణీయమైన అర్థాన్ని అందించే శబ్దమే కావ్యం అన్నాడు. ఈ నిర్వచనం కాస్త చదువుకున్న తెలుగువాళ్ళందరికీ తెలుసు. ఆ వెంటనే ఆయన రమణీయత అంటే ఏమిటో విడమరిచిన తీరు మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. లోకోత్తరమైన ఆహ్లాదాన్ని పుట్టించే జ్ఞానానికి ఏది విషయమవుతుందో అది రమణీయం. మరి ఆ ఆహ్లాదానికి కారణం? భావన. భావన అంటే పదే పదే అనుసంధానం చేయడం, మనసులో తిప్పి తిప్పి చూసుకోవడం. నీకు కొడుకు పుట్టాడని చెప్పినా, నీకు డబ్బిస్తానని చెప్పినా వినేవాడికి సంతోషం కలుగుతుంది, అది లోకోత్తరం కాదు అని కూడా ఉదాహరణలు ఇచ్చాడు. ఎంత లౌకికమైన చమత్కారమో! కొడుకు పుట్టిన సంగతి ఒక వార్త. మొదటిసారి విన్నప్పుడు దాని పని అయిపోతుంది. పదిసార్లు చెప్పించుకున్నా పది రెట్ల సంతోషం రాదు. మంచి పద్యం అలా కాదు, పదోసారి చదివినప్పుడు మొదటిసారి లేనిదేదో అందులోంచి లేస్తుంది. జగన్నాథుడు మాట్లాడింది కావ్యం గురించే. దాన్ని కంటికి వర్తింపజేయడం నా సాహసం. కానీ వార్తకూ పద్యానికీ ఉన్న తేడాయే, ఒక్కసారి చూసి దాటిపోయే దృశ్యానికీ, తిరిగి పిలిచే దృశ్యానికీ ఉందని ఒప్పుకోవడానికి పెద్ద తర్కం అక్కర్లేదనుకుంటాను.

చిత్రకారుల జీవితాలు దీనికి సాక్ష్యం. ఫ్రాన్స్ దక్షిణాన ఎక్స్ పట్టణంలో పుట్టిన సెజాన్, ఆ ఊరి పక్కనున్న సెయింత్ విక్త్వార్ అనే కొండను 60కి పైగా చిత్రాల్లో వేశాడు, చివరి ఏళ్ళలో సైతం దాన్ని వదల్లేదు. అదేమీ ప్రపంచ వింత కాదు, ఒక సున్నపురాతి కొండ. చూడాల్సినదంతా మొదటి పది బొమ్మల్లోనే అయిపోయి ఉంటే మిగతా యాభై ఎందుకు? ఆ బొమ్మల్ని కాలక్రమంలో పెట్టి చూస్తే కొండ ఎక్కడికీ కదలలేదనీ, కదిలింది సెజాన్ కన్నేననీ తెలుస్తుంది. మొదటి చిత్రాల్లో కొండ ఒక నేపథ్యం. చివరి చిత్రాల్లో ఆకాశమూ కొండా పొలాలూ ఒకే రంగు పలకల అల్లికగా మారిపోయాయి. ఇరవయ్యో శతాబ్దపు చిత్రకళ చాలావరకు ఆ అల్లిక నుంచి దారి వెతుక్కుంది. ఛాయాచిత్రంలో ఇంతకన్నా తెగువగా ఈ పరీక్ష చేసినవాడు ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్స్. ఆయన ఫొటోల బలమంతా ఎదుట కూర్చున్న మనుషులదే అని ఎవరో అన్నారట. అందుకు జవాబుగా 1922లో మబ్బుల్ని తీయడం మొదలుపెట్టాడు. మబ్బు ఎవరి సొత్తూ కాదు, చూడటానికి టిక్కెట్టు లేదు, ఎక్కడికీ ప్రయాణం చేయనక్కర్లేదు. ఆ తర్వాత దాదాపు పదేళ్ళలో 200 దాటిన ఆ ఛాయాచిత్రాలకు ఈక్వివలెంట్స్ అని పేరు పెట్టాడు, అంటే తన లోపలి స్థితులకు సరిసమానాలని. వస్తువు గొప్పదైతేనే ప్రేరణ వస్తుందన్న వాదనకు ఇంతకన్నా సూటి సమాధానం నాకు తెలీదు.

కళాకారులు ఒంటరిగా కనిపెట్టుకున్న ఈ పద్ధతిని మతం ఏనాడో అందరి చేతా చేయించింది. దానికి పేరు ప్రదక్షిణం. అరుణాచలం చుట్టూ గిరిప్రదక్షిణ దారి సుమారు 14 కిలోమీటర్లు. నడుస్తుంటే కొండ ఒకచోట ఒక్క శిఖరంగా, ఇంకోచోట రెండుగా, మరోచోట పడుకున్న జంతువులా కనిపిస్తుంది. ఒకే కొండ అన్ని కొండలవుతుంది. 1896లో పదహారేళ్ళ వయసులో అక్కడికి వచ్చిన రమణ మహర్షి 1950లో దేహం వదిలేదాకా ఆ కొండ పరిసరాలు దాటి వెళ్ళలేదు, ప్రదక్షిణ మాత్రం చేస్తూ, ఇతరుల చేత చేయిస్తూ ఉండేవారు. అమరావతి మహాస్తూపం కట్టినవాళ్ళకూ ఈ రహస్యం తెలుసు. అక్కడి శిల్పాలు నిలబడి చూడటానికి చెక్కినవి కావు, చుట్టూ తిరుగుతూ, ఒక ఫలకం దాటి ఇంకో ఫలకానికి వెళుతూ, మళ్ళీ మొదటికొచ్చి చూడటానికి చెక్కినవి. తొలినాటి ఫలకాల్లో బుద్ధుడి రూపం లేదు. ఖాళీ ఆసనం, పాదాల గుర్తులు, బోధివృక్షం ఉన్నాయి. ఒక్కసారి చూసినవాడికి అది ఖాళీ పీఠమే. చుట్టూ పదిసార్లు తిరిగి జాతక కథలన్నీ చదువుకున్నవాడికి ఆ ఖాళీలో ఎవరు కూర్చున్నారో తెలుస్తుంది. ఆ ఫలకాలు చాలావరకు ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో, చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో గోడలకు ఆనుకొని ఉన్నాయి. భద్రంగానే ఉన్నాయి, కాదనను. ప్రదక్షిణపథం మాత్రం వాటితో వెళ్ళలేదు.

ఇక్కడ ఎదురుప్రశ్న రావాలి, వస్తుంది కూడా. గండికోట అంచున నిలబడి, ఎర్రటి రాతి పొరల మధ్య పెన్నా కోసుకుపోయిన లోయలోకి మొదటిసారి తొంగిచూసినవాడి గుండె ఒక్క క్షణం ఆగుతుంది కదా? అతను ఏ భావనా చేయలేదు, ఏ ప్రదక్షిణా చేయలేదు. ప్రకృతి వింత తనంతట తానే కొట్టే దెబ్బ అది. ఈ వాదం బలమైనది. యూరప్‌లో దీన్ని శాస్త్రంగా మలిచినవాడు తత్వవేత్త కాంట్. విచిత్రం ఏమిటంటే తన ఊరైన కోనిగ్స్‌బర్గ్ పరిసరాలు దాటి పెద్దగా వెళ్ళని ఆయన ఆల్ప్స్ పర్వతాల్ని ఎన్నడూ చూడలేదు. చదివి, తలపోసి, 1790లో ఆ అనుభూతి గురించి, మహోదాత్తత అనే పేరుతో, రాశాడు. అది పర్వతంలో లేదు, పర్వతం ముందు తన శక్తిని తాను గుర్తించిన మనసులో ఉంది అన్నాడు. ఆ చర్చలోనే ఆల్ప్స్ కొండల్లోని సవాయ్ ప్రాంతపు రైతు ఒకడి ప్రస్తావన వస్తుంది. సోస్యూర్ అనే పర్వతయాత్రికుడు చెప్పిన సంగతి అది. మంచుకొండల మీద మోజుపడే వాళ్ళందర్నీ ఆ రైతు మూర్ఖుల కింద జమకట్టాడట. కాంట్‌కు ఇందులో కనిపించింది సంస్కారపు లోటు: మనసు సిద్ధపడకపోతే ఉదాత్తమైనది వట్టి భయంకరంగానే తోస్తుందని. అంటే మొదటి చూపు దెబ్బ కూడా ముందే సిద్ధపడ్డ మనసుకే తగులుతుందని ఆయనా ఒప్పుకున్నట్టే. గండికోట ముందు నిలబడ్డవాడు నిజంగా ఖాళీ కన్నుతో రాలేదు. కోటలు, లోయలు, నదుల కథలు విని, బొమ్మలు చూసి, చూపును ఎంతో కాలంగా దున్నుకొని వచ్చాడు.

అయితే ఆ రైతు సంగతి అక్కడితో తీరదు. అతను రోజూ ఆ కొండల్నే చూస్తాడు. నా వాదన ప్రకారం అందరికన్నా ఎక్కువ ప్రేరణ అతనికే కలగాలి. కలగలేదే! పెరటి చెట్టు మందుకు పనికిరాదని మనవాళ్ళు ఊరికే అన్నారా? కాంట్ జవాబులో చదువుకున్నవాడి దర్పం కొంత ఉందని చెప్పక తప్పదు. ఆ రైతు కొండను చూసే చూపులో హిమపాతం ఎటునుంచి విరుచుకుపడుతుందో, మేత ఎక్కడ మిగిలిందో ఉంటుంది. అది తక్కువ చూపు కాదు, వేరే పని మీదున్న చూపు. మన రైతు మబ్బును చూస్తాడు, స్టీగ్లిట్స్ కూడా మబ్బునే చూశాడు. ఇద్దరి చూపూ పదే పదే వెళ్ళినదే, ఇద్దరికీ సామాన్యుడికి కనబడనిది కనబడింది, ఒకరికి వాన, ఇంకొకరికి తన లోపలి స్థితి. కొండ పక్కన బతకడం వేరు, కొండ వైపు తిరగడం వేరు. పెరటి చెట్టు సామెత మొదటిదాన్ని గురించి చెబుతుంది. చెట్టు పెరట్లో ఉన్నంత మాత్రాన మనం దాన్ని చూస్తున్నట్టు కాదు.

అలవాటు కన్నును మొద్దుబారుస్తుందన్న అభ్యంతరాన్ని ఇంకా పదునుగా చెప్పినవాడు రష్యన్ విమర్శకుడు ష్క్లోవ్‌స్కీ. అలవాటు బట్టల్ని, సామాన్లను, కట్టుకున్న భార్యను కూడా మింగేస్తుందనీ, కళ ఉన్నది పరిచితాన్ని అపరిచితం చేసి రాయిని మళ్ళీ రాయిగా తాకించడానికేననీ 1917లో వాదించాడు. నిజమే. అందుకే తిరిగి చూడటం అంటే నిన్నటి చూపును ఇవాళ యాంత్రికంగా అప్పజెప్పడం కాకూడదు. ఆలయాలు ఈ ప్రమాదాన్ని బాగా ఎరిగినవి. మూలవిరాట్టు మారదు, అలంకారం మారుతుంది. తిరుమలలో గురువారం ఆభరణాలూ పూల అలంకారాలూ సడలించి, నామాన్ని సన్నం చేస్తారు. మిగతా రోజుల్లో నామం చాటునుండే కళ్ళు ఆ రోజు కనిపిస్తాయి, దాన్ని నేత్ర దర్శనం అంటారు. వారమంతా కప్పి ఉంచడం వల్లనే ఆ కళ్ళకు ఆ బలం. సింహాచలం నిజరూపమూ అంతే. అక్షయ తృతీయ నాటి జనసమ్మర్దం కొత్తదనం మీది మోజుకు నిదర్శనమని ఎవరైనా అనొచ్చు. కానీ చందనాన్ని ఏడాది పొడుగునా చూడని మనిషికి ఆ ఒక్కరోజు తొలగిపోయినదేమిటో తెలిసే వీలు లేదు. ఆలయం దాకా వెళ్ళకుండానే ఈ విద్య మన వాకిళ్ళలో ఉంది. చుక్కలు అవే, వాకిలి అదే, పిండి అదే; మెలిక మారుతుంది. మర్నాడు పొద్దున్నే ఊడ్చి చల్లి మళ్ళీ పెడతారు. ముగ్గును డిజైన్ అని ఎవరూ అనరు గానీ, ఇంత కఠినమైన డిజైన్ శిక్షణ ఏ కళాశాలలో ఉందో వెతుక్కోవాలి.

కొత్తది చూడకుండా కొత్తది ఎలా పుడుతుంది, జపాన్ ముద్రలు చేరకపోతే వాన్ గోగ్ రంగులు అలా ఉండేవా అని అడగొచ్చు. ఉండేవి కావు. కానీ ఆయన ఆ ముద్రల్ని చూసి ఊరుకోలేదు. 1887లో హిరోషిగే గీసిన వంతెన మీది వానను, పూసిన ప్లమ్ తోటను నూనెరంగుల్లో తన చేత్తో మళ్ళీ వేసుకున్నాడు. కొత్తది దొరకడం అదృష్టం. దాన్ని చేత్తో తిరిగి గీయడం భావన. మొదటిది లేకుండా రెండోది లేదని ఒప్పుకుంటాను. రెండోది లేకపోతే మొదటిది వార్త కిందే పోతుంది.

వీటన్నిటికన్నా లోతైన అభ్యంతరం మతం లోపలి నుంచే వస్తుంది. కంటితో పని ఏమిటి అంటుంది అది. సెయింట్ అగస్టీన్ కళ్ళ తృష్ణను పాపాల్లో లెక్కగట్టాడు. మనుషులు కొండల్నీ, సముద్రపు అలల్నీ, నక్షత్రాల గతుల్నీ చూసి ఆశ్చర్యపోతారు, తమను తాము మాత్రం పట్టించుకోరు అన్నది ఆయన ఫిర్యాదు. 1336లో ఇటలీ కవి పెట్రార్క్ వాంతూ పర్వతం ఎక్కి, శిఖరం మీద నిలబడి, చేతిలో ఉన్న అగస్టీన్ పుస్తకం తెరిస్తే సరిగ్గా ఆ మాటే కంటపడిందని ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. సిగ్గుపడి, మాట్లాడకుండా కొండ దిగాడట. కఠోపనిషత్తు కూడా దగ్గర దగ్గర ఇదే అంటుంది: ఇంద్రియాలు బయటికి తెరుచుకొని పుట్టాయి, అందుకే జీవుడు బయటే చూస్తాడు, ఎవడో ఒక ధీరుడు అమృతత్వం కోరి చూపును వెనక్కి తిప్పి లోపలి ఆత్మను చూశాడు. ఈ లెక్కన సెజాన్ కొండా, గండికోట లోయా, చందనపు ముద్దా అన్నీ బయటి ఆకర్షణలే. దీనికి జవాబు ఆ ఉపనిషత్తు వాడిన పదంలోనే ఉందని నాకు తోస్తుంది. కన్ను తిప్పినవాణ్ణి అది ఆవృత్తచక్షువు అంటుంది. కన్ను మూసినవాడు అనదు. ఆవృత్తి అంటే తిరగడం, మళ్ళీ మళ్ళీ చేయడం కూడా. బ్రహ్మసూత్రాల నాలుగో అధ్యాయం మొదలయ్యేదే ఆ మాటతో: ఆత్మను గురించి ఒకసారి వింటే చాలా, పదే పదే వినాలా? పదే పదే అని సూత్రకారుడి తీర్పు. ఎన్నిసార్లు అనే సందేహానికి శంకరాచార్యులు భాష్యంలో ఇచ్చిన పోలిక వంటింటిది. వడ్లు దంచడం ఎప్పటిదాకా? బియ్యం వచ్చేదాకా. శ్రవణ మననాలు కూడా అంతే, దర్శనంతో ముగిసేవి అవి. వేదాంతం చివర చేరే చోటుకు కూడా దర్శనమనే పేరు పెట్టుకుంది. చూపు మీద అంత అనుమానం ఉన్న శాస్త్రం చూపును వదులుకోలేకపోయింది. బయటికి పోయే చూపు ఒక వస్తువు దగ్గర నిలిచి, మళ్ళీ మళ్ళీ అక్కడికే వచ్చినప్పుడు, చూస్తున్నవాడు ఎవడో కూడా కొంచెం కొంచెం కనబడటం మొదలవుతుంది. సెజాన్ చిత్రాల వరుసలో మనకు తెలిసింది కొండ కంటే సెజానే కదా. పెట్రార్క్ ఉత్తరం కొండెక్కిన రోజున కాక చాలా ఏళ్ళ తర్వాత రూపు దిద్దుకున్నదని చాలామంది పండితుల అభిప్రాయం. సిగ్గుపడి దిగిన కొండనే ఆయన మనసులో ఎన్నిసార్లు మళ్ళీ ఎక్కి ఉంటాడో!

కెమెరా గురించి ఒక మాట. ఫొటో తీస్తే చూడటం పోతుందని పెద్దలు విసుక్కుంటారు. లిండా హెంకెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక మ్యూజియంలో చేసి 2014లో ప్రచురించిన ప్రయోగంలో, ఊరికే చూసిన వస్తువుల కన్నా ఫొటో తీసిన వస్తువులే పాల్గొన్నవాళ్ళకు తక్కువ గుర్తున్నాయి. పెద్దల విసుగు సగం నెగ్గింది. అయితే వస్తువులో ఒక భాగాన్ని దగ్గరికి లాగి తీసినప్పుడు జ్ఞాపకం దెబ్బతినలేదు. యంత్రం తప్పు కాదది. ఏది తీయాలో ఎంచుకోవడానికి కన్ను వెనక్కి రావాల్సి వచ్చింది, ఆ రాకడే దాన్ని కాపాడింది.

నా వాదనను నిజంగా ఇబ్బంది పెట్టే ప్రశ్న ఒకటి మిగిలింది. తిరిగి చూడటమే ప్రేరణ అయితే, తిరిగి చూసే హక్కు ఎందరికి ఉండేది? మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది 1947లో. అంతకు ముందు ఎన్నో తరాల వాళ్ళకు గర్భాలయం సంగతటుంచి గోపురం నీడ కూడా అందలేదు. ఇంత చక్కగా అమర్చిన చూపుల విద్య కొందరి కళ్ళకే పరిమితమైందన్నది కాదనలేని నేరం. ఆ గోడకు మొదటి కన్నం పెట్టినవాటిలో, వింతగా, ఒక అచ్చుయంత్రం కూడా ఉంది. రవివర్మ 1894లో బొంబాయిలో పెట్టిన ముద్రణాలయం నుంచి లక్ష్మీ సరస్వతుల రంగుబొమ్మలు కొద్దిపాటి వెలకు ఎవరి ఇంటికైనా వెళ్ళగలిగాయి. యాంత్రిక ప్రతులు కళాఖండం చుట్టూ ఉండే ప్రభను చంపేస్తాయని జర్మన్ విమర్శకుడు వాల్టర్ బెన్యమిన్ 1936లో అచ్చయిన వ్యాసంలో అన్నాడు. యూరప్ మ్యూజియంల విషయంలో ఆయన మాట ఎంత నిజమో గానీ, మన ఇళ్ళలో జరిగింది తలకిందులు. వేల ప్రతుల్లో ఒకటిగా, ఏ ప్రభా లేకుండా వచ్చిన కాగితం అది. దానికి రోజూ దీపం పెట్టారు, బొట్టు పెట్టారు, పొద్దున లేవగానే దాన్నే చూశారు. కిరాణా కొట్టు వాళ్ళు పంచిన క్యాలెండర్ మీది బొమ్మకు కూడా ఇదే జరుగుతుంది. డిసెంబరు అయిపోతుంది, తేదీలకు పని తీరిపోతుంది, కొత్త క్యాలెండర్ వచ్చి మేకుకు వేలాడుతుంది. పాతదాన్ని చెత్తబుట్టలో వేయడానికి మాత్రం చెయ్యి రాదు. మడిచి తీసుకెళ్ళి, గుడి పక్కన రావిచెట్టు మొదట్లో పెట్టి వస్తారు.